పడవ కదలని రోజు దగ్గర మొదలుపెట్టండి: సముద్రపు గాలిమరల్లో పనికీ, పరిశోధనకూ సిద్ధమయ్యే పద్ధతి

నా దగ్గర చేరిన విద్యార్థికి మొదటి వారం టర్బైన్ గురించి ఏమీ చెప్పను. ఏదో ఒక సముద్ర ప్రాంతపు ఏడాది అలల లెక్కలు చేతిలో పెట్టి, పడవ ఎన్ని రోజులు వెళ్ళగలదో తేల్చుకుని రమ్మంటాను. టెక్నీషియన్ శిక్షణకు వచ్చినవారికీ ఇదే పని, పీహెచ్‌డీకి వచ్చినవారికీ ఇదే పని. నేను ఆరేళ్ళు సముద్రంలోని టర్బైన్ల మీద టెక్నీషియన్‌గా పనిచేశాను. తర్వాత విశ్వవిద్యాలయానికి వచ్చి పరిశోధన చేశాను. ఇప్పుడు రెండు తరగతులకూ పాఠం చెబుతున్నాను. ఈ రెండు చదువులనూ వేరు వేరు భవనాల్లో పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా చేయడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో రెండు వైపులా నిలబడి చూశాను. అందుకే ఈ మాటలు ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. మీరు ఎటు నుంచి వస్తున్నా, అవతలివారి పని కొంతైనా మీ చేతికి తెలిసి ఉండాలి.

మొదటి వారం: అలల లెక్క

యూరప్ వాతావరణ కేంద్రం ఇచ్చే ఈఆర్ఏ5 సమాచారం ఉచితంగా దొరుకుతుంది. గాలి వేగం, అలల ఎత్తు గంట గంటకూ అందులో ఉంటాయి. తీరానికి బాగా దూరంగా ఉన్న ఒక బిందువును ఎంచుకోండి. తీరం దగ్గర ఆ సమాచారపు గళ్ళు మరీ పెద్దవి, నేలనూ నీటినీ కలిపేస్తాయి. ఒక ఏడాదికి అలల ఎత్తు తీసుకోండి.

అక్కడ కనిపించే అలల ఎత్తు అన్ని అలల సగటు కాదని మొదట గుర్తించండి. వరుసగా వచ్చే అలల్లో బాగా ఎత్తయిన మూడో వంతు అలల సగటు అది. దాన్ని హెచ్ఎస్ అంటారు. హెచ్ఎస్ 1.5 మీటర్లు ఉన్న సముద్రంలో, సుమారు వెయ్యి అలల్లో ఒకటి 2.8 మీటర్ల దాకా లేస్తుంది. టెక్నీషియన్లను తీసుకెళ్ళే చిన్న పడవకు మామూలుగా పెట్టుకునే హద్దు ఆ 1.5 మీటర్లే. కాగితం మీద ఒకటిన్నర అని చదివినవారు ఆ 2.8 మీటర్ల అలను కూడా మనసులో ఉంచుకోవాలి.

ఇప్పుడు లెక్క చేయండి. టర్బైన్‌లో ఒక చిన్న సెన్సర్ మార్చాలి అనుకుందాం. చేతి పని 2 గంటలు. కానీ పడవ ప్రయాణం పోను గంటన్నర, రాను గంటన్నర. టర్బైన్‌లోకి దిగడం, సామాను పైకి లాగడం, టవర్ ఎక్కడం, విద్యుత్తు ఆపి తాళం వేయడం, పని అయ్యాక అన్నీ తిరిగి మామూలు స్థితికి తేవడం, అన్నీ కలిపితే 8 గంటలు. పగటి వెలుగులో, ఎడతెగకుండా 8 గంటలు హెచ్ఎస్ 1.5 మీటర్లకు లోబడి ఉన్న రోజులు ఏడాదిలో ఎన్ని? నెలవారీగా రాయండి. ఎడతెగకుండా అన్న మాటను వదిలేసి మొత్తం గంటలు మాత్రం లెక్కపెడితే జవాబు ఎంతో ఆశాజనకంగా వస్తుంది, కానీ అది అబద్ధపు జవాబు. ఉదయం 3 గంటలు, సాయంత్రం 5 గంటలు ప్రశాంతంగా ఉన్న సముద్రం మీకు పనికిరాదు.

తర్వాత అదే పట్టికలో గాలి వేగాన్ని పక్కన పెట్టి చూడండి. అలలు ఎగసే నెలల్లోనే గాలి కూడా బలంగా ఉంటుంది. అంటే టర్బైన్ ఎక్కువ విద్యుత్తు ఇవ్వగలిగే రోజుల్లోనే మనం దాని దగ్గరికి చేరలేం. 5 మెగావాట్ల టర్బైన్ సగటున సగం సామర్థ్యంతో తిరిగే వారంలో ఆ సెన్సర్ కోసం ఆగిపోతే, 2.5 మెగావాట్లు, 24 గంటలు, 7 రోజులు: 420 మెగావాట్ గంటల విద్యుత్తు పోయినట్టు. అరచేతిలో పట్టే వస్తువుకు ఇంత వెల. భూమి మీద టర్బైన్‌కు ఇదే సెన్సర్ పోతే మధ్యాహ్నానికి వాహనంలో వెళ్ళి మార్చి వస్తారు. సముద్రం ఈ రంగానికి ఏమి చేస్తుందో ఈ ఒక్క లెక్క చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఈ లెక్క ఇప్పుడు పుట్టింది కాదు. 1991లో డెన్మార్క్‌లోని విండెబీ దగ్గర, ప్రపంచంలో మొదటి సముద్ర పవన క్షేత్రంలో, ఒక్కొక్కటి 450 కిలోవాట్ల టర్బైన్లు 11 పెట్టారు. లోతు తక్కువ, తీరం దగ్గర. 2002లో అదే దేశపు ఉత్తర సముద్ర తీరాన హార్న్స్ రెవ్‌లో 2 మెగావాట్ల టర్బైన్లు 80, తీరానికి ఇంకా దూరంగా నిలబెట్టారు. రెండేళ్ళు తిరగకముందే ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు వరుసగా పాడయ్యాయి. చివరికి ఆ 80 టర్బైన్ల తలలనూ, అంటే టవర్ పైన జనరేటర్, యంత్రాలు ఉండే గదులనూ, దించి ఒడ్డుకు తెచ్చి బాగుచేయవలసి వచ్చింది. తర్వాతి తరం టర్బైన్లలో ఉప్పుగాలి లోపలికి రాకుండా చేసే జాగ్రత్తలు, విడిభాగాలను ముందే పరీక్షించే పద్ధతులు పెరగడానికి ఇలాంటి అనుభవాలే కారణం. ఈ కథను నా విద్యార్థులందరికీ చెబుతాను. పరిశోధన ప్రశ్న ఎక్కడ పుడుతుందో అందులో కనిపిస్తుంది.

భద్రతా శిక్షణ: పరిశోధకులూ తప్పించుకోవద్దు

టర్బైన్ మీదకు వెళ్ళేవారికి గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ నిర్ణయించిన ప్రాథమిక భద్రతా శిక్షణ ఉంటుంది. ఆ సంస్థను అందరూ జీడబ్ల్యూఓ అంటారు. ప్రథమ చికిత్స, బరువులు ఎత్తే పద్ధతి, మంటలపై అవగాహన, ఎత్తులో పని, సముద్రంలో ప్రాణరక్షణ: ఇవి 5 భాగాలు. ధ్రువపత్రాలకు రెండేళ్ళ గడువు, ఆ తర్వాత మళ్ళీ చేసుకోవాలి. మీ పేరు మీద శిక్షణ నమోదై ఉందో లేదో జీడబ్ల్యూఓ నడిపే విండా అనే పట్టికలో కంపెనీలు చూసుకుంటాయి. డబ్బు కట్టే ముందు ఆ శిక్షణ కేంద్రానికి జీడబ్ల్యూఓ గుర్తింపు ఉందా, మీ పేరు విండాలో ఎక్కిస్తారా అని అడగండి. హెలికాప్టర్‌లో తీసుకెళ్ళే చోట, నీటిలో మునిగిన హెలికాప్టర్ నుంచి బయటపడే శిక్షణ అదనంగా ఉంటుంది. బల్లల మీద ఆరోగ్య పరీక్ష కాగితాలు పెట్టుకుని కూర్చునేవారిని చూసి భయపడకండి. ఎత్తుకు భయపడేవారు కూడా నేర్చుకోగలరు. కానీ మూర్ఛ, గుండె సమస్యల వంటివి ఉంటే దాచవద్దు. 90 మీటర్ల ఎత్తులో మీరు స్పృహ తప్పితే మిమ్మల్ని కిందికి దించవలసింది మీ పక్కన ఉన్న మరొక మనిషే.

పీహెచ్‌డీ విద్యార్థులు చాలామంది ఈ శిక్షణ తమకెందుకు అంటారు. నేను ఒప్పుకోను. ఈదురుగాలికి లేచే నీళ్ళలో బరువైన రబ్బరు దుస్తులతో, బోర్లాపడిన లైఫ్ రాఫ్ట్‌ను తిప్పి అందులోకి ఎక్కడానికి ఎంత బలం కావాలో ఒక్కసారి తెలిసినవారు, తమ నివేదికలో "ఇక్కడ నెలకోసారి మనిషిని పంపి కొలతలు తీసుకోవచ్చు" అని అంత తేలికగా రాయరు.

పడవ నుంచి టర్బైన్ నిచ్చెన మీదకు మారడమే అన్నిటికంటే మెలకువగా ఉండవలసిన క్షణం. పడవ తన ముక్కుకు ఉన్న రబ్బరు మెత్తను నిచ్చెనకు రెండు పక్కల ఉన్న గొట్టాలకు ఆనించి, ఇంజిను బలంతో నొక్కి పట్టుకుంటుంది. ఆ రాపిడే దాన్ని నిలబెడుతుంది. మొదట పైనుంచి వేలాడే రక్షణ తాడును మీ హార్నెస్‌కు తగిలించుకోండి. డెక్ మీద ఉన్న నావికుడు వెళ్ళమనే దాకా అడుగు వేయకండి. వేశాక మెట్ల మీద ఆగకండి. మూడు నాలుగు మెట్లు వెంటనే ఎక్కేయండి, పడవ జారి మళ్ళీ పైకి లేస్తే మీ కాళ్ళు దాని దారిలో ఉండకూడదు. చేతిలో ఏ వస్తువూ ఉండకూడదు, సంచి తర్వాత క్రేన్ మీద వస్తుంది. ఈ రోజు వద్దు అనిపిస్తే వద్దు అనండి. నేను అలా రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ ఎవరూ నన్ను కారణం అడగలేదు. అలా అడగని బృందంలోనే పనిచేయండి.

చేతి పని వెనుక ఉన్న లెక్క

టెక్నీషియన్ శిక్షణకు వచ్చినవారితో ఇప్పుడు మాట్లాడతాను. మీకు బోల్టు బిగించడం నేర్పుతారు. ఇంత టార్క్ (తిప్పే బలం) అని కాగితం మీద రాసి ఉంటుంది, రెంచ్ అంత చూపించగానే ఆపి, గుర్తు పెట్టి, తర్వాతి బోల్టుకు వెళతారు. నేను టవర్ అంచుల బోల్టులు అలా వేల సంఖ్యలో బిగించాను. ఎందుకు అని అడగలేదు. తర్వాత విశ్వవిద్యాలయంలో చదివినప్పుడు తెలిసింది: మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం బోల్టు మరచుట్ల రాపిడికి పోతుంది. టవర్ రెండు అంచులనూ దగ్గరికి లాగి పట్టే బిగువుగా మారేది పదో వంతే. అంటే నూనె రకం మారినా, మరచుట్లలో ఉప్పు పొర చేరినా, రెంచ్ అదే అంకె చూపిస్తుండగానే లోపలి బిగువు ఎంతో మారిపోతుంది.

ఒకసారి మాకు కొత్త డబ్బాల్లో వేరే రకం లూబ్రికెంట్ వచ్చింది. కాగితం మీద టార్క్ అంకె మాత్రం మారలేదు. మాలో ఎవరికీ ఈ లెక్క తెలియదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఆ నెల బిగించిన బోల్టులన్నీ తర్వాత మళ్ళీ చూడవలసి వచ్చింది. ఈ అరపేజీ గణితం మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి రోజే పని ఆపి ఉండేవాళ్ళం. కాబట్టి శిక్షణలో మీకు ఇచ్చే ప్రతి అంకెకూ రెండు ప్రశ్నలు వేయండి: ఇది దేనిని కాపాడుతోంది? ఏమి మారితే ఇది తప్పవుతుంది? శిక్షకుడికి తెలియకపోతే రాసి పెట్టుకుని విశ్వవిద్యాలయం వైపు ఎవరినైనా అడగండి.

ఇంకొక అభ్యాసం. టర్బైన్ ఆగి ఉన్నప్పుడు, టవర్ పైన కూర్చుని ఊగడాన్ని లెక్కపెట్టండి. నీళ్ళ సీసాను చదునైన చోట పెట్టి నీటి అంచును చూస్తే సరిపోతుంది. పది ఊపులకు 33 సెకన్లు పడితే ఆ నిర్మాణపు సహజ పౌనఃపున్యం, అంటే అది తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె, సుమారు 0.30 హెర్ట్జ్. ఈ అంకె ఎందుకు ముఖ్యమో అందరికీ తెలిసిన ఉదాహరణతో చూద్దాం. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల (ఎన్ఆర్ఈఎల్) 2009లో 5 మెగావాట్ల నమూనా టర్బైన్ వివరాలు ప్రచురించింది. దాన్ని ఎవరూ కట్టరు, కానీ ప్రపంచమంతా పరిశోధకులు దానితోనే లెక్కలు వేస్తారు. దాని రెక్కల చక్రం నిమిషానికి 6.9 నుంచి 12.1 చుట్లు తిరుగుతుంది. 12.1 చుట్లంటే సెకనుకు 0.20. మూడు రెక్కలు కాబట్టి టవర్ ముందు నుంచి రెక్క దాటే కుదుపు అత్యల్ప వేగంలో 6.9కి మూడు రెట్లు, అంటే సెకనుకు 0.345. టవర్ సహజ పౌనఃపున్యం ఈ రెండింటి మధ్య, 0.20కీ 0.345కీ నడుమ ఉండేలా చూస్తారు. అటు జరిగినా ఇటు జరిగినా ఆ కుదుపులు టవర్ సొంత ఊపుతో కలిసి, టవర్ అనునాదంలో పడి ఊగుతుంది, లోహపు అలసట పెరిగి ఆయుష్షు తగ్గుతుంది. టర్బైన్‌ను మోసే మోనోపైల్, అంటే సముద్రపు నేలలోకి దిగగొట్టిన ఒకే లావుపాటి ఉక్కు గొట్టం, దాని చుట్టూ ఇసుకను సముద్రపు ప్రవాహం తవ్వేస్తే ఆ పౌనఃపున్యం పడిపోతుంది. నీటి అడుగున జరిగిన మార్పు 90 మీటర్ల పైన ఊపులో కనిపిస్తుంది. నేను లెక్కలు నేర్వకముందు ఊరికే ఊపులు లెక్కపెట్టేవాడిని. ఆ అలవాటే నా పరిశోధన ప్రశ్న అయింది.

పరిశోధన ప్రశ్న ఎంచుకోవడం

సామర్థ్యాన్ని పెంచాలి అని మొదలుపెట్టే ప్రతిపాదనలు నా బల్ల మీదకు ఎక్కువగా వస్తాయి. చక్రం గాలి నుంచి తీసుకోగల శక్తికి బెట్జ్ హద్దు 59.3 శాతం. మంచి రెక్కలు దానికి ఇప్పటికే బాగా దగ్గరగా ఉన్నాయి. అక్కడ కొత్తవారికి చోటు ఉంది కానీ తక్కువ. నా సలహా: ఒక నెల పాటు నిర్వహణ బృందపు లోపాల నమోదు పుస్తకం చదవండి. ఏ లోపం తరచుగా వస్తోంది, దేని కోసం ఎన్నిసార్లు పడవ వెళ్ళింది, ఏది సరిచేసినా మళ్ళీ వచ్చింది? మూడోసారి వచ్చిన లోపం దగ్గర ఆగండి.

ఈ రంగంలో పెద్ద పరిశోధనలు అలాంటి చోటే పుట్టాయి. మోనోపైల్‌కు, దాని మీద కూర్చునే భాగానికి మధ్య సిమెంటు గ్రౌట్ పోసి కలిపేవారు. 2009, 2010 ప్రాంతంలో ఉత్తర సముద్రంలోని అనేక క్షేత్రాల్లో ఆ పై భాగం కిందికి జారుతోందని కనిపించింది. నిలువుగా సమానంగా ఉన్న గొట్టాల మధ్య గ్రౌట్ ఆ బరువును ఎక్కువ కాలం పట్టుకోలేదని తేలి, అంచును వాలుగా చేయడం, లేదా బోల్టులతో కలపడం మొదలైంది. మరొకటి పీసా ప్రాజెక్టు. ఆక్స్‌ఫర్డ్, లండన్ ఇంపీరియల్ కళాశాల, డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాల కలిసి చేశాయి. అప్పటిదాకా మోనోపైల్‌ను, చమురు వేదికల కోసం సన్నని పొడవాటి స్తంభాల మీద పుట్టిన సూత్రాలతో లెక్కించేవారు. మోనోపైల్ పొట్టి, లావు. 2015లో ఇంగ్లండ్‌లోని కౌడెన్‌లో బంకమన్నులోనూ, ఫ్రాన్స్‌లోని డంకర్క్‌లో ఇసుకలోనూ నిజమైన స్తంభాలను లాగి చూశారు. పాత సూత్రం అవసరమైనదానికంటే ఎక్కువ ఉక్కు అడుగుతోందని తేలింది. రెండు చోట్లా ప్రశ్న చూడండి: మనం వాడే అంకె ఎక్కడి నుంచి వచ్చింది, అది ఇక్కడికి సరిపోతుందా? బోల్టు దగ్గర టెక్నీషియన్ వేయవలసిన ప్రశ్నే ఇది.

ప్రయోగశాల చాలక సముద్రంలోకే దిగిన విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2013లో వోల్టర్న్ యూఎస్ అనే తేలే టర్బైన్‌ను అసలు కొలతలో ఎనిమిదో వంతుకు చేసి, కాంక్రీటు తేలే పునాది మీద నిలబెట్టి, విద్యుత్తును గ్రిడ్‌కు కలిపింది. మీకు అంత అవకాశం రాకపోయినా చింత లేదు. 15 మెగావాట్ల నమూనా టర్బైన్, చక్రం వ్యాసం 240 మీటర్లు, అంతర్జాతీయ ఇంధన సంస్థ ఆధ్వర్యంలో 2020లో వచ్చింది. టర్బైన్ల లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్లు ఓపెన్‌ఫాస్ట్, ఫ్లోరిస్, డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయపు పైవేక్ అన్నీ ఉచితం. పైవేక్‌తో మొదలుపెట్టండి, పైథాన్ కొద్దిగా తెలిస్తే చాలు.

కొలతలను అనుమానించడం

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగుతాను. విద్యార్థుల నెలలు పోయేది ఇక్కడే.

నా మొదటి పరిశోధన టర్బైన్ల వెనుక గాలి తగ్గడం గురించి. దాన్ని మేము గాలి నీడ అంటాం. టర్బైన్ల లెక్కలు ఒకచోట, గాలి కొలిచే స్తంభపు లెక్కలు ఇంకోచోట నుంచి వచ్చాయి. ఎండాకాలపు ఫలితాలు ఎంత ప్రయత్నించినా కుదరలేదు. నాలుగు నెలలు సూత్రాన్ని మార్చుతూ కూర్చున్నాను. చివరికి ఒక తుపానును రెండు పట్టికల్లోనూ పక్కపక్కన గీస్తే, గాలి పెరగడమూ తగ్గడమూ ఒక పట్టికలో గంట తేడాతో కనిపించింది. స్తంభం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో రాస్తోంది. టర్బైన్లు స్థానిక కాలంలో, ఎండాకాలం గంట ముందుకు జరిపే గడియారంతో రాస్తున్నాయి. అక్కడ చలికాలంలో రెండూ ఒకటే కాబట్టి నాకు కనిపించలేదు. కాబట్టి ఏ సమాచారం చేతికి వచ్చినా మొదటి రోజే ఒక తుపానును గీసి గడియారాలు కలపండి.

రెండోది దిక్కు. టర్బైన్ తల ఎటు తిరిగి ఉందో చెప్పే సెన్సర్ ఉత్తరాన్ని సరిగ్గా చూపిస్తుందని నమ్మకండి. పది డిగ్రీల తేడా మామూలు. సరిచూసే మార్గం సులభం: ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు టర్బైన్లను తీసుకోండి, వాటి స్థానాల నుంచి ఒకదాని నుంచి ఇంకొకటి ఏ కోణంలో ఉందో లెక్కించండి. వెనుకదాని విద్యుత్తును ముందుదానితో భాగించి, దిక్కును బట్టి గీయండి. గాలి నీడ లోతుగా ఉన్న దిక్కు ఆ కోణం దగ్గరే రావాలి. 12 డిగ్రీలు పక్కన వస్తే సెన్సర్ తప్పు 12 డిగ్రీలు. ఈ అభ్యాసానికి కెల్మార్ష్ అనే ఇంగ్లండ్ భూ క్షేత్రపు 6 టర్బైన్ల సమాచారం అందరికీ తెరిచి ఉంది. సముద్రానిది కాకపోయినా చేయి తిరగడానికి చాలు.

మూడోది, గాలి వేగం. టర్బైన్ తల మీది కొలమాని చక్రం వెనుక ఉంటుంది, రెక్కలు చెదరగొట్టిన గాలినే కొలుస్తుంది. శక్తి వేగం ఘనానికి అనుపాతం కాబట్టి, సెకనుకు 9 మీటర్ల వేగాన్ని 9.5గా చదివితే శక్తిలో 17 శాతానికి పైగా తప్పు వస్తుంది.

సంస్థల నుంచి సమాచారం అడిగేటప్పుడు గోప్యతా ఒప్పందం సంతకం చేస్తారు. అందులో ఒక వాక్యం తప్పక చూసుకోండి: మీ సిద్ధాంత వ్యాసం ప్రచురించుకునే హక్కు మీకు ఉందా, వారు ఎన్ని రోజుల్లో అభ్యంతరం చెప్పాలి? ఆ వాక్యం లేక, పూర్తయిన పనిని పెట్టెలో పెట్టుకున్న విద్యార్థిని నేను చూశాను.

ఇద్దరూ కలిసి కూర్చోవడం

పాఠ్యక్రమం తయారుచేసే అధ్యాపకులకు నాది ఒకే విన్నపం. టెక్నీషియన్‌ను అతిథిగా ఒక గంటకు పిలవకండి. వేతనం ఇచ్చి సెమిస్టర్ అంతా బోధకుడిగా పెట్టుకోండి. నా తరగతిలో పరిశోధన విద్యార్థి, టెక్నీషియన్ శిక్షణార్థి జతగా ఒకే నోటుపుస్తకం రాస్తారు. ఒకరు ఎక్కడ చేయి పట్టదో చెబుతారు, ఇంకొకరు ఎందుకు అలా కట్టారో వెతుకుతారు. గత ఏడాది ఒక జత, ఒక గ్రీజు గొట్టం దగ్గరికి చేరడానికి మనిషి ఎలా వంగాలో కొలిచి, ఆ ఒక్క స్థానం మార్పు పని సమయంలో 40 నిమిషాలు తగ్గిస్తుందని చూపించింది. 8 గంటల పనిలో 40 నిమిషాలు తగ్గితే ఏడాదిలో ఎన్ని రోజులు అదనంగా పడవ వెళ్ళగలదో మొదటి వారపు పట్టికకే మళ్ళీ వెళ్ళి తేల్చారు.

ఆ పుస్తకంలో ప్రతి రోజుకూ ఒక పేజీ. పడవ వెళ్ళని రోజున కూడా దాన్ని ఖాళీగా వదలకండి: ప్రయాణం ఎన్ని గంటలకు రద్దయింది, అప్పుడు హెచ్ఎస్ ఎంత, ముందురోజు సూచన ఎంత చెప్పింది, ఆగి ఉన్న టర్బైన్లు ఏవి, ఏ పని మిగిలింది.